పోకర్ ప్రాథమికాలు: చేతిలోని ముక్కల నుంచి పాట్ లెక్క దాకా

పోకర్ నేర్చుకోవాలనుకునే వారికి మొట్టమొదట అందేది ఒక పట్టిక. ఏ కూర్పు దేన్ని గెలుస్తుందో పై నుంచి కిందికి చెప్పే ఆ పట్టికను కంఠస్థం చేయడానికి అరగంట చాలు. చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది. పట్టికంతా నోటికి వచ్చిన వ్యక్తి బల్ల ముందు కూర్చున్నాక, ఎదుటివారు 50 చిప్స్ (పందెం బిళ్లలు) ముందుకు తోసి తన వంక చూసినప్పుడు, ఆ పట్టికలోని ఏ వరుసా అతనికి జవాబు చెప్పదు. అక్కడ తేల్చుకోవలసింది ఎదుటివారి దగ్గర ఏముండవచ్చు, దాని ముందు మన ముక్కలు నెగ్గే అవకాశం ఎంత, ఆ అవకాశానికి 50 చిప్స్ సరైన ధరేనా అన్నది. పోకర్ సూత్రాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకున్నవే కాబట్టి, నియమాలను కూడా దాని వెలుగులోనే చూడడం మేలని నా అభిప్రాయం.

పోకర్‌లో రకాలు చాలా ఉన్నాయి. 19వ శతాబ్దం తొలి దశకాల్లో న్యూ ఆర్లియన్స్‌లోనూ మిసిసిపీ నది పడవల మీదా ఆడిన తొలి రూపంలో 20 ముక్కల పేక వాడేవారు. ఐదేసి ముక్కలు పంచి, పందెం కాసి, చూపించుకోవడంతో ఆట ముగిసేది. 52 ముక్కల పేక వచ్చాక ఆటలో ఎక్కువ మందికి చోటు దొరికింది. ఇప్పుడు పోకర్ అంటే చాలామంది మనసులో మెదిలేది టెక్సాస్ హోల్డెమ్. ఆ ఆట పుట్టిల్లుగా టెక్సాస్ రాష్ట్ర శాసనసభ గుర్తించిన ఊరు రాబ్స్‌టౌన్. 1970లో లాస్ వేగస్‌లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ప్రధాన పోటీ కూడా ఈ రకంలోనే జరుగుతుంది. ఈ వ్యాసమూ దానికే పరిమితం.

ఆట నడిచే తీరు

ప్రతి ఆటగాడికీ రెండు ముక్కలు బోర్లా పంచుతారు. వాటిని అతను తప్ప ఎవరూ చూడరు. ఆ తరువాత బల్ల మధ్యలో ఐదు ముక్కలు వెల్లకిలా పడతాయి: ముందు ఒకేసారి మూడు, దాన్ని ఫ్లాప్ అంటారు, తరువాత ఒకటి, అది టర్న్, చివరగా మరొకటి, అది రివర్. ఈ ఐదు అందరివీ. చేతిలోని రెండింటినీ బల్ల మీది ఐదింటినీ కలిపితే వచ్చే ఏడింటిలో, మిక్కిలి బలమైన ఐదు ముక్కల కూర్పే ఆటగాడి తుది బలం. రమ్మీ అలవాటున్న వారు ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ముక్క ఎత్తడం, పనికిరానిది పారేయడం, కూర్పును కొంచెం కొంచెంగా కట్టుకోవడం హోల్డెమ్‌లో లేవు. పడిన ముక్కలు పడినట్టే ఉంటాయి. ఆటగాడి చేతిలో ఉన్నదల్లా వాటి మీద ఎంత పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి అన్న నిర్ణయం మాత్రమే.

ఆ నిర్ణయానికి నాలుగు సందర్భాలు వస్తాయి. రెండేసి ముక్కలు పంచగానే ఒకసారి, ఫ్లాప్ తరువాత, టర్న్ తరువాత, రివర్ తరువాత ఒక్కోసారి పందెం చుట్టు తిరుగుతుంది. ఎవరూ ఏమీ పెట్టకపోతే అందరూ మంచి ముక్కల కోసం ఊరికే ఎదురుచూస్తూ కూర్చుంటారు కనుక, ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కొంత పెట్టాలన్న ఏర్పాటు ఉంది. వాటిని బ్లైండ్లు అంటారు. పంచేవారి స్థానాన్ని సూచించే గుండ్రటి బిళ్లకు బటన్ అని పేరు. దానికి ఎడమ పక్కన ఉన్నవారు చిన్న బ్లైండ్, ఆ పక్కవారు పెద్ద బ్లైండ్ పెడతారు. ఒక్కో పంపకం అయ్యాక బటన్ ఎడమవైపు ఒక స్థానం జరుగుతుంది, కాబట్టి ఈ భారం అందరి మీదా సమంగా పడుతుంది.

తన వంతు వచ్చినప్పుడు, అంతకుముందు ఎవరూ పందెం పెట్టకపోతే ఏమీ పెట్టకుండా వంతు దాటించవచ్చు (దీన్ని చెక్ అంటారు), లేదా పందెం పెట్టవచ్చు. ఎవరైనా పెట్టి ఉంటే అంతే పెట్టి కాల్ చేయవచ్చు, పెంచి రెయిజ్ చేయవచ్చు, ముక్కలు వదిలేసి ఫోల్డ్ కావచ్చు. కొత్తవారు తరచు చేసే ఒక చిన్న పొరపాటు ఇక్కడే ఉంది: ఉచితంగా చెక్ చేయగల చోట, ముక్కలు బాగాలేవని ఫోల్డ్ అయిపోతారు. ఖర్చు లేకుండా తరువాతి ముక్క చూసే అవకాశాన్ని పారేసుకోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. రెయిజ్‌కు ఒక హద్దు ఉంది. ముందువారు ఎంత పెంచారో కనీసం అంత పెంచాలి. 10 ఉన్న పందేన్ని ఒకరు 30 చేస్తే పెంపు 20 కనుక, తరువాత పెంచేవారు 50కి తగ్గకూడదు. నో లిమిట్ ఆటలో పై హద్దు లేదు. తన ముందున్న చిప్స్ మొత్తం ఒకేసారి తోసేయవచ్చు. చిప్స్ చాలనివారు ఉన్నంతా పెట్టి ఆటలో నిలుస్తారు, కానీ తాము పెట్టినంత మేరకే ఇతరుల నుంచి గెలవగలరు. ముగ్గురు వరుసగా 100, 300, 500 మొత్తంగా పెట్టారనుకుంటే, మొదటి 300 ముగ్గురికీ చెందిన పాట్ (పందేలన్నీ పోగైన మొత్తం) అవుతుంది, తరువాతి 400 మిగిలిన ఇద్దరి మధ్య పక్క పాట్ అవుతుంది, ఎవరూ సరిపెట్టలేని చివరి 200 పెట్టినవారికే తిరిగి వస్తుంది.

పాట్ రెండు దారుల్లో దక్కుతుంది. చివరిదాకా నిలిచినవారు ముక్కలు తెరిచి చూపినప్పుడు పెద్ద కూర్పుకు దక్కడం ఒకటి. మిగిలినవారంతా ఫోల్డ్ అయితే, ఏ ముక్కలున్నా, నిలిచిన ఒక్కరికే దక్కడం రెండోది. ఈ రెండో దారి ఉండబట్టే పోకర్ అదృష్టపు ఆటల నుంచి వేరుపడింది.

కూర్పుల వరుస వెనుక ఉన్న లెక్క

పట్టికను బట్టీ పట్టడం కన్నా అది ఎందుకు అలా ఉందో తెలుసుకుంటే మరపు రాదు. 52 ముక్కల్లోంచి ఐదింటిని తీయడానికి 25,98,960 విధాలున్నాయి. ఏ కూర్పు ఎంత అరుదో దానికి అంత విలువ. వీటిలో 13,02,540 విధాల్లో, అంటే సగానికి పైగా, చెప్పుకోదగ్గదేమీ ఉండదు. పెద్ద ముక్క ఏది అన్నదే లెక్క. ఒక జత 10,98,240 విధాల్లో వస్తుంది. రెండు జతలు 1,23,552కు, ఒకే అంకె ముక్కలు మూడు రావడం 54,912కు పడిపోతాయి. వరుసగా ఐదు అంకెలు వచ్చే స్ట్రెయిట్‌కు 10,200 విధాలుంటే, ఐదూ ఒకే గుర్తువయ్యే ఫ్లష్‌కు 5,108 మాత్రమే. ఈ రెండింటిలో ఏది పెద్దదన్న తికమక చాలామందికి ఉంటుంది. ఫ్లష్ వచ్చే విధాలు స్ట్రెయిట్‌కు దాదాపు సగమే కనుక అదే పెద్దది. మూడు ఒక అంకెవి, రెండు మరో అంకెవి కలిసిన ఫుల్ హౌస్ 3,744 విధాల్లో, నాలుగూ ఒకే అంకెవి రావడం 624 విధాల్లో జరుగుతాయి. ఒకే గుర్తులో వరుసగా ఐదు వచ్చే స్ట్రెయిట్ ఫ్లష్‌లు మొత్తం 40. అందులో పది నుంచి ఆసు దాకా సాగే నాలుగింటిని రాయల్ ఫ్లష్ అంటారు.

ఒక తమాషా ఏమిటంటే, ఈ లెక్కలన్నీ ఐదు ముక్కలకు కట్టినవి, హోల్డెమ్‌లో మనం చూసేదేమో ఏడింటిని. ఏడు ముక్కల్లో చెప్పుకోదగ్గ కూర్పేదీ పడకపోవడం సుమారు 17 శాతం సార్లే జరుగుతుంది. ఒక జత దాదాపు 44 శాతం, రెండు జతలు 23 శాతం పైచిలుకు. అంటే హోల్డెమ్‌లో ఏమీ లేకపోవడమే ఒక జత కన్నా అరుదు! అయినా పాత వరుసనే ఉంచారు. లేకపోతే ఉన్న జతను దాచుకుని ఏమీ లేదని చెప్పుకునే వింత పరిస్థితి వచ్చేది.

ఐదు ముక్కలే లెక్కకు వస్తాయన్న నియమం చిన్నదిగా కనిపిస్తుంది గాని, కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది అదే. మీ చేతిలో రెండు ఐదులున్నాయి, బల్ల మీద రెండు రాజులు, రెండు ఎనిమిదులు, ఒక రాణి ఉన్నాయి అనుకోండి. మూడు జతలున్నట్టు అనిపిస్తుంది. మూడు జతలు అనే కూర్పు పోకర్‌లో లేదు. మీ మేలైన ఐదు ముక్కలు బల్ల మీది రాజుల జత, ఎనిమిదుల జత, రాణి. మీ ఐదులకు విలువే లేదు. ఎదుటివారి దగ్గర ఆసు, మూడు ఉంటే, ఆ రెండు జతలకు తోడుగా రాణి స్థానంలో వారికి ఆసు వస్తుంది, పాట్ వారిదవుతుంది. ఇలా తోడుగా నిలిచే ముక్కను కిక్కర్ అంటారు. ఇద్దరికీ ఆసుల జతే పడినప్పుడు ఆసు, రాజు పట్టుకున్నవారు ఆసు, తొమ్మిది పట్టుకున్నవారిని గెలిచేది దీనివల్లే. ఐదు ముక్కలూ సమానమైతే పాట్ పంచుకుంటారు. ఇస్పేటు ఆఠీను కన్నా గొప్పదన్న వరుసలేవీ ఇక్కడ లేవు. స్ట్రెయిట్‌లో ఆసు రెండుకు ముందైనా, రాజుకు తరువాతైనా నిలవగలదు గాని, రాణి, రాజు, ఆసు, రెండు, మూడు అని చుట్టి రావడానికి వీల్లేదు.

ఏ ముక్కలతో, ఎక్కడ కూర్చుని

రెండు ముక్కల చేతులు మొత్తం 1,326. ఏ గుర్తన్నది పక్కన పెట్టి, రెండూ ఒకే గుర్తువా కాదా అన్నది మాత్రమే చూస్తే 169 రకాలు. ఆసుల జత 221 పంపకాలకు సగటున ఒక్కసారి వస్తుంది. ఏదో ఒక జత 17 పంపకాలకు ఒకసారి. ఒకే గుర్తు ముక్కలు రెండు కనిపించగానే ఫ్లష్ కళ్ల ముందు ఆడుతుంది, కానీ ఫ్లాప్‌లోనే ఫ్లష్ పూర్తికావడం వందకు ఒక్కసారి కూడా జరగదు. చిన్న జత పట్టుకున్నవారికి ఫ్లాప్‌లో అదే అంకె మూడోది దొరకడం ఎనిమిది, తొమ్మిది సార్లకు ఒకసారి. జత కాని ఏ రెండు ముక్కలకైనా ఫ్లాప్‌లో కనీసం ఒక జత కలిసే అవకాశం మూడింట ఒక వంతే. ఈ చివరి అంకెను మనసులో గట్టిగా నిలుపుకోవాలి. ఫ్లాప్ పడ్డాక ఎదుటివారికి కూడా మూడింట రెండుసార్లు ఏమీ కలవలేదని దాని అర్థం. ముందు రెయిజ్ చేసినవారు ఫ్లాప్ మీద మళ్లీ పందెం పెట్టగానే బల్ల మీద అంతమంది ఫోల్డ్ కావడానికి కారణం ఇదే.

ముక్కలెంత ముఖ్యమో కుర్చీ అంత ముఖ్యం. ఫ్లాప్ నుంచి బటన్ మీద ఉన్నవారు అందరికన్నా చివర నిర్ణయం తీసుకుంటారు. అప్పటికే మిగిలినవారు చెక్ చేశారో, పందెం పెట్టారో, ఎంత పెట్టారో వారికి తెలుసు. వారు ఏం చేస్తారో ముందువారికి తెలియదు. దాగిన సమాచారం మీద నడిచే ఆటలో ఇది చాలా పెద్ద సౌకర్యం. అందుకే ముందు మాట్లాడవలసిన స్థానాల్లో గట్టి ముక్కలతో మాత్రమే దిగి, బటన్ దగ్గర పడే కొద్దీ కొంచెం సడలించడం అలవాటు చేసుకుంటారు. మొత్తం మీద నాలుగు పంపకాల్లో మూడింటినైనా మొదటే వదిలేయడం కొత్తవారికి మంచిది. అది విసుగు పుట్టించే సలహా అని నాకు తెలుసు, ఆడడానికి కూర్చున్నవారికి ఆడవద్దని చెప్పడమే కదా. కానీ కొత్తవారి చిప్స్‌లో ఎక్కువ భాగం పెద్ద బ్లఫ్‌లకు (బలం లేకున్నా ఉన్నట్టు పెట్టే పందేలకు) పోదు; ‘చూద్దాంలే’ అని చేసే చిన్న చిన్న కాల్స్‌కే కరిగిపోతుంది.

ఒక పంపకం, దాని ధర

ఇప్పుడు ఒక పంపకాన్ని దగ్గరగా చూద్దాం. బల్ల చుట్టూ ఆరుగురు, అందరి ముందూ 1,000 చిప్స్ చొప్పున ఉన్నాయి. బ్లైండ్లు 5, 10. మీరు బటన్ మీద ఉన్నారు, చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది. ముందు స్థానంలో ఉన్న ఒకరు 30కి పెంచారు. మీరు కాల్ చేశారు, మిగిలినవారు వదిలేశారు. పాట్‌లో 75 ఉన్నాయి.

ఫ్లాప్: ఇస్పేటు రాజు, ఇస్పేటు ఏడు, డైమను రెండు. ప్రత్యర్థి 50 పెట్టారు. మీ దగ్గర ప్రస్తుతానికి ఏమీ లేదు, కానీ నాలుగు ఇస్పేట్లు కనిపిస్తున్నాయి. ఐదోది పడితే ఆసుతో కూడిన ఫ్లష్, అంటే ఆ గుర్తులో దాన్ని మించినది ఉండదు. ఇస్పేట్లు 13లో మీకు నాలుగు కనబడుతున్నాయి, తొమ్మిది మిగిలాయి. చేతిని మెరుగుపరిచే ఇలాంటి ముక్కలను అవుట్స్ అంటారు. మీరు చూడని ముక్కలు 47; టర్న్‌లో ఇస్పేటు పడే అవకాశం 47లో 9, అంటే 19 శాతం పైన. బల్ల దగ్గర భాగాహారం చేయలేనివారు అవుట్స్‌ను రెండుతో హెచ్చిస్తే ఒక ముక్కకు, నాలుగుతో హెచ్చిస్తే రెండు ముక్కలకు అవకాశం ఎంత శాతమో దాదాపుగా తెలుస్తుంది. తొమ్మిదిని నాలుగుతో హెచ్చిస్తే 36. అసలు లెక్క 35.

ఇక ధర. పాట్‌లో ఇప్పుడు 125 ఉన్నాయి, మీరు 50 పెట్టాలి, పెట్టాక మొత్తం 175. యాభైని నూట డెబ్బై ఐదుతో భాగిస్తే 28.6 శాతం. దీర్ఘకాలంలో నష్టం లేకుండా ఉండాలంటే మీరు కనీసం అన్నిసార్లు గెలవాలి. 35 శాతం అవకాశం ఉంది కనుక కాల్ చేయడం లాభమేనని చాలా మంది ఇక్కడే ఆగిపోతారు. ఆ 35 శాతం టర్న్, రివర్ రెండూ చూస్తేనే వస్తుంది. ఈ 50తో మీరు కొంటున్నది టర్న్ ఒక్కటే. రివర్‌కు వెళ్లాలంటే ప్రత్యర్థి మళ్లీ టిక్కెట్టు అడుగుతారు. ఒక్క ముక్కకే లెక్క కడితే 19 శాతం అవకాశాన్ని 28.6 శాతం ధరకు కొంటున్నారు, అది ఖరీదే.

అయినా కాల్ చేయవచ్చు, కారణం వేరే ఉంది. ఇస్పేటు పడినప్పుడు ప్రత్యర్థి ఇంకొంత ఇస్తారు. ఎంత ఇస్తే లెక్క సరిపోతుంది? 47లో 38 సార్లు 50 పోతాయి, అంటే 1,900. తొమ్మిదిసార్లు గెలిచి అంత రాబట్టాలంటే ఒక్కోసారికి 211 రావాలి. పాట్‌లో 125 ఉన్నాయి కనుక సగటున ఇంకో 86 చిప్స్ దక్కాలి. ప్రత్యర్థి ముందు 920 ఉన్నాయి, మీరు చివర మాట్లాడే స్థానంలో ఉన్నారు, మీ ఫ్లష్‌ను మించిన ఫ్లష్ లేదు. ఈ మూడూ కలిసినందువల్ల 86 పెద్ద ఆశ కాదు. ఇందులో ఏ ఒక్కటి మారినా, ప్రత్యర్థి దగ్గర 60 చిప్సే మిగిలి ఉన్నా, మీ పెద్ద ఇస్పేటు ఎనిమిదే అయినా, అదే తొమ్మిది అవుట్స్‌తో అదే కాల్ తప్పవుతుంది.

మీరు కాల్ చేశారు. పాట్ 175. టర్న్‌లో కళావరు నాలుగు పడింది, ప్రత్యర్థి 100 పెట్టారు. ఇప్పుడు అవకాశం 46లో 9, అంటే 19.6 శాతం. ధర 375లో 100, అంటే 26.7 శాతం. ఇక్కడ అవుట్స్‌ను మరింత నిశితంగా చూడాలి, ఎందుకంటే వాటి సంఖ్య మీ ముక్కలను బట్టి మాత్రమే ఉండదు. ప్రత్యర్థి దగ్గర రాజు, రాణి ఉంటే, మిగిలిన మూడు ఆసుల్లో ఏది పడినా మీదే పై చేయి. అవుట్స్ 12 అవుతాయి, అవకాశం 26 శాతానికి చేరి ధరకు దాదాపు సరిపోతుంది. వారి దగ్గర ఆసు, రాజు ఉంటే ఆసు పడడం వల్ల వారికే రెండు జతలొస్తాయి, మీకు తొమ్మిదే మిగులుతాయి. వారి దగ్గర రెండు రాజులుంటే ఇస్పేటు రెండు, ఇస్పేటు నాలుగు కూడా పనికిరావు. అవి మీకు ఫ్లష్ ఇస్తూనే బల్ల మీద జత పడేసి వారికి ఫుల్ హౌస్ ఇస్తాయి. అప్పుడు అవుట్స్ ఏడే.

ఏది నిజమో తెలియదు, కానీ ఏది ఎంత సంభవమో లెక్క పెట్టవచ్చు. మామూలుగా ఆసు, రాజు కలయికలు 16. ఒక ఆసు మీ చేతిలో, ఒక రాజు బల్ల మీద ఉన్నాయి కనుక మూడు ఆసులు, మూడు రాజులు మిగిలి, కలయికలు తొమ్మిదికి తగ్గాయి. రెండు రాజులు మూడు విధాలే, రెండు ఆసులు మూడు విధాలే. రాజు, రాణి మాత్రం పన్నెండు విధాలు. రాణుల జత ఆరు, జాకీల జత ఆరు, ఒక పది మీ దగ్గరుంది కనుక పదుల జత మూడు. అనుభవజ్ఞులు ఎదుటివారి చేతిలో ఫలానా రెండు ముక్కలే ఉన్నాయని పందెం కట్టరు. ఇలా ఒక గంపెడు కలయికలను ఊహించుకుని, ఒక్కో పందేనికీ అందులోంచి కొన్నింటిని తీసేస్తూ పోతారు. కనుబొమ్మలు చదవడం, చేతి వణుకు కనిపెట్టడం గురించి చాలా కథలున్నాయి. వాటికి విలువ లేదని అనను, కానీ పందేల వరుస చెప్పేదానిలో పదో వంతు కూడా ముఖాలు చెప్పవని నా నమ్మకం.

మీరు మళ్లీ కాల్ చేశారనుకుందాం. పాట్ 375. రివర్ ముక్క తిరగకముందే ఒక మాట: ఈ కాల్ సరైనదో కాదో రివర్ ముక్క చెప్పదు. ఆసుల జత, రాజుల జత ఎదురుపడి ఇద్దరూ ఉన్నదంతా పెట్టినా ఐదారుసార్లకు ఒకసారి రాజులే గెలుస్తాయి. ఆ ఒక్కసారి ఓడినవారు తప్పు చేయలేదు, గెలిచినవారు గొప్ప ఆట ఆడలేదు. నిర్ణయాన్ని ఫలితంతో కొలిచే అలవాటు పోనంతవరకు పోకర్‌లో అనుభవం పోగుపడదు. తప్పు కాల్‌తో గెలిచిన పెద్ద పాట్ మనిషికి ఆ తప్పునే నేర్పుతుంది. పైగా ఈ ఊగిసలాట ఎంత కాలమైనా సాగవచ్చు కాబట్టి, పోయినా జీవితానికి తేడా రాని సొమ్ముకు మించి బల్ల మీద ఉంచకూడదు. నేర్చుకునే దశలో ఉత్త బిళ్లలతో ఆడడమే ఉత్తమం. ఆట నడిపే సంస్థ ప్రతి పాట్‌లోంచి కొంత కోసుకునే చోట, సమాన నైపుణ్యం గలవారంతా కలిసి నష్టపోతారన్నది కూడా గుర్తుండాలి. డబ్బుతో ఆడడం ఎక్కడ చట్టబద్ధం, ఎక్కడ కాదన్నది చోటును బట్టి మారుతుంది. అది ముందే తెలుసుకోవాలి.

బ్లఫ్ అనే లెక్క

రివర్‌లో ఆఠీను తొమ్మిది పడింది. ఇస్పేటు రాలేదు, ఆసు రాలేదు. ప్రత్యర్థి చెక్ చేశారు. మీ దగ్గర ఉత్త ఆసు మాత్రమే ఉంది. మీరూ చెక్ చేసి ముక్కలు చూపితే, ఎదుటివారికి చిన్న జత ఉన్నా ఓడిపోతారు. లేదా పందెం పెట్టవచ్చు.

బ్లఫ్‌ను సాహసంగానో మోసంగానో చూసే అలవాటును గణితజ్ఞులు ఎప్పుడో వదిలించారు. జాన్ ఫాన్ నాయిమన్ 1928లో ఆటల సిద్ధాంతానికి పునాది వేసిన పత్రం రాశారు. 1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వెలువరించిన గ్రంథంలో పోకర్‌కు ఒక సరళమైన నమూనా కట్టి, సరైన ఆటలో బ్లఫ్ తప్పనిసరి భాగమని చూపారు. మంచి ముక్కలున్నప్పుడు మాత్రమే పందెం పెట్టేవారికి ఎవరూ కాల్ చేయరు, కాబట్టి వారి మంచి ముక్కలకు కూడా ధర రాదు. ఆ నమూనాలో బ్లఫ్ చేయవలసింది మధ్యరకం ముక్కలతో కాదు, అధమమైన వాటితో. మధ్యరకానికి చూపించినా గెలిచే అవకాశం కొంత ఉంటుంది, అధమానికి పందెం తప్ప దారి లేదు. రివర్‌లో పాట్ అంత పందెం పెట్టేవారు రెండు గట్టి చేతులకు ఒక బ్లఫ్ చొప్పున కలిపితే, ఎదుటివారు కాల్ చేసినా ఫోల్డ్ అయినా తేడా ఉండదు. 2017లో లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో 1,20,000 పంపకాలు ఆడి గెలిచింది. దానికి ముఖాలు కనబడవు, ధైర్యమూ భయమూ లేవు. అయినా అది తరచుగా బ్లఫ్ చేసింది.

మీ పాట్ దగ్గరికి వద్దాం. 375 ఉన్న పాట్‌కు 250 పెడదామనుకున్నారు. 250 పోగొట్టుకుని 375 గెలిచే పందెం కనుక, 625లో 250, అంటే 40 శాతం సార్లు ప్రత్యర్థి ఫోల్డ్ అయితే చాలు. అవుతారా? ఆసు, రాజు కలిసినవారు, రాజులు మూడు పట్టినవారు రివర్‌లో మళ్లీ పందెం పెట్టేవారే, చెక్ చేశారంటే అవి చాలా వరకు గంపలోంచి పోయాయి. మిగిలినవాటిలో రాణుల జత, జాకీల జత, పదుల జత, మొత్తం 15 కలయికలు, బల్ల మీది రాజును చూసి వదిలేస్తాయనుకుందాం. రాజు, రాణి ఉన్న 12, రాజు, జాకీ ఉన్న 12 కాల్ చేస్తాయనుకుందాం. 39లో 15 అంటే 38 శాతం. కొద్దిలో చాలదు.

అయితే ముందు స్థానం నుంచి రెయిజ్ చేసిన ఈ ప్రత్యర్థి జాగ్రత్తపరులైతే, రాజు, జాకీలను ఒకే గుర్తువైతేనే ఆడతారు. ఇస్పేటు రాజు బల్ల మీద ఉంది కనుక అలాంటివి మూడే. ఇప్పుడు 30లో 15, అంటే 50 శాతం. బ్లఫ్ లాభసాటి అయిపోయింది. ముక్కలు అవే, పాట్ అదే, పందెం అదే. ఎదుటివారి అలవాటు గురించి గంట ముందు గమనించిన ఒక్క వివరం నిర్ణయాన్ని తలకిందులు చేసింది. ఎదురు వాదనలూ లేకపోలేదు. ఇస్పేటు పడలేదని వారికీ కనబడుతోంది. మీరు రెండుసార్లు కాల్ మాత్రమే చేసి చివర్లో పెద్దగా పెడితే, తప్పిపోయిన ఫ్లష్ అని అనుమానించడం సహజం. పైగా మీ చేతిలో రెండు ఇస్పేట్లు ఉన్నందువల్ల, వారి దగ్గర తప్పిపోయిన ఇస్పేట్లుండి సులభంగా వదిలేసే అవకాశం కూడా తగ్గింది. పందెం 150కి తగ్గిస్తే 29 శాతం ఫోల్డ్ చాలు, కానీ 150కి రాణుల జత వదిలేస్తారా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. ఆ ప్రత్యర్థిని జాగ్రత్తపరులుగా గమనించి ఉంటే నేను 250 పెడతాను. కొత్తగా వచ్చి కూర్చున్నవారైతే చెక్ చేసి ఊరుకుంటాను. కొత్తవారు ఎక్కువగా కాల్ చేస్తారు, కాల్ చేసేవారి మీద బ్లఫ్ పారదు.

మీరు 250 ముందుకు తోశారు. ప్రత్యర్థి బల్ల మీది ఐదు ముక్కలను ఒకసారి, మీ చిప్స్‌ను ఒకసారి చూసి, కొంతసేపు ఆగి, తన రెండు ముక్కలను బోర్లాగానే డీలర్ వైపు తోసేశారు. వదిలేసిన ముక్కలు చూపించనవసరం లేదు, మీవీ చూపించనవసరం లేదు. అవి రాణులో, రాజూ జాకీయో, మీలాగే రాని ముక్క కోసం ఆగిన రెండు ఇస్పేట్లో మీకు తెలియదు. డీలర్ వాటిని పేకలో కలిపేశారు, బటన్ ఎడమవైపు ఒక స్థానం జరిగింది. ఈ కొత్త పంపకంలో మీకన్నా చివర మాట్లాడేవారు ఒకరున్నారు.